సొరచేప ఆహారమును, దాని ప్రేగులలోని పురుగులును

గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున చేసిన ఉపన్యాసపాఠము



కాకినాడ కుంభాభిషేకము రేవున గాని, ఉప్పాడ తీరమున గాని, నర్సాపురము బజారులో గాని పాలసొర దిగిన దినమున బాలింత గల ఇంటివారు ముందుగా పోయి బేరమాడుదురు. సొరపిట్టు పెట్టిన తల్లికి పాలు పడునని గోదావరి సీమలో తరతరముల నమ్మకము. అట్టి చేపను కోయునపుడు ఒక్కొక్కప్పుడు ప్రేగు చీలి, అందుండి తెల్లని నాడా ముక్కలవంటి పురుగులు మెదలుచు బయటపడును. అంతట ఆ ఇంట రెండు పక్షములేర్పడును. పురుగు పుట్టిన చేప పనికిరాదు, పారవేయుడనునది ఒక పక్షము. పురుగున్నది కడుపులో గాని కండలో కాదు, కడిగి వండుడనునది రెండవ పక్షము. పచ్చిబాలింత మాట గనుక తరచు మొదటి పక్షమే గెలుచును. డబ్బు పోసి కొన్న చేప పెంటకుప్ప పాలగును.

ఈ తగవు తీరవలెనన్నచో ముందు ఒక ప్రశ్నకు సమాధానము కావలెను. నడిసంద్రమున, ఉప్పునీట, క్షణమైన నిలువక తిరుగాడు సొర కడుపులోనికి ఆ పురుగెట్లు చేరినది? చేప కడుపులో అదే పుట్టినదా? నీటివెంట వచ్చినదా? లేక తిండివెంట వచ్చినదా?

పురుగు తిండి వలన పుట్టునను మాట మన దేశమున మిక్కిలి ప్రాచీనము. చరకసంహిత విమానస్థానమున ఏడవ అధ్యాయము చాలవరకు క్రిములను గూర్చినది. అందు క్రిములు 20 విధములని చెప్పి, శ్లేష్మమువలన కలుగు క్రిములకు కారణములుగా పాలు, బెల్లము, నువ్వులు, చేపలు, పిండివంటలు మున్నగువానిని పేర్కొన్నారు. పిల్లవాడు బెల్లము తిన్నచో "కడుపులో పురుగులు పడును సుమా" అని అవ్వ మందలించుటకు మూలము ఎంత దూరముననున్నదో చూడుడు. తిండికిని పురుగుకును సంబంధము కలదని చరకుడు కనిపెట్టెను. ఆ సంబంధమెట్టిదో ఆ కాలమున తెలియుటకు సాధనము లేదు. పాశ్చాత్యదేశములలోను 19వ శతాబ్ది మధ్యము వరకు పండితులనేకులు పురుగులు దేహములో తమంతట తామే జనించునని వాదించుచుండిరి. ఈ విషయమున మనవారిని మాత్రము తక్కువచేసి మాటలాడుట న్యాయము కాదు.

ఆ వాదమును పడగొట్టుటకు సాక్ష్యము ఎక్కడనుండి వచ్చినదని అడిగినచో, చాలవరకు సొరచేప కడుపునుండియే వచ్చినది. బెల్జియము దేశమున లూవేన్ విశ్వవిద్యాలయమున వాన్ బెనెడెన్ అను ఆచార్యుడుండెను. ఆయన సముద్రతీరమున జాలరులు తెచ్చిన చేపలను వందలకొలది కోసి చూచెను. మామూలు చేపల కడుపులలోను కండలలోను సంచిలో మూటకట్టినట్లు చిన్న చిన్న పురుగుపిల్లలు కనబడెను. వానికి తలయున్నది గాని గ్రుడ్లుపెట్టు అంగములు లేవు. సొరలను, టేకుచేపలను కోసినచో అదే తల గలిగి, వెనుక కణుపులు కణుపులుగా పొడవైన దేహము పెరిగి, గ్రుడ్లతో నిండిన పురుగులు కనబడెను. 1850లో ఆయన ప్రకటించిన గ్రంథములో ఈ రెండును ఒకే ప్రాణి యొక్క బాల్యమును, యౌవనమును అని నిర్ణయించెను. చిన్నచేపలో అది ఎదుగక వేచియుండును. ఆ చేపను సొర మ్రింగినపుడు సొర ప్రేగున పెరిగి పెద్దదగును.

ఐదేండ్లకు, అనగా 1855లో, జర్మనీలో కూకెన్‌మైస్టర్ అను వైద్యుడు ఇదే న్యాయము మనుష్యునియందును చెల్లునని చూపెను. చూపిన విధము మాత్రము మెచ్చదగినది కాదు. మరణశిక్ష పడిన ఖైదీకి తెలియకుండ అతని ఆహారములో పందిమాంసమునందలి పురుగుపిల్లలను కలిపి పెట్టించి, శిక్ష జరిగిన పిమ్మట ప్రేగులను పరీక్షించి, వానిలో బద్దెపురుగు పిల్లలను కనుగొనెను. సత్యము తేలినది గాని, ఆ పద్ధతిని ఆ కాలమువారే కొందరు గర్హించిరి.

ఇక సొర సంగతి. ఈ తీరపు సొరకు ఒక గౌరవము కలదు. పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు వైద్యుడు విశాఖపట్టణమున ఉండి, అక్కడ దొరకు 200 చేపల బొమ్మలు వ్రాయించి, 1803లో రెండు సంపుటములుగ ప్రకటించెను. చేపల పేర్లను జాలరులు పలికిన తెలుగులోనే వ్రాసికొనెను. అందుచేతనే పాలసొర పేరు తరువాతి శాస్త్రజ్ఞుల లాటిను నామములలోనికి ఎక్కి, "స్కోలియోడన్ పాలసొర్రా" అయినది. 1928లో తిల్లయంపాలము అను విదుషీమణి ఈ స్కోలియోడన్ అంగనిర్మాణమును వర్ణించి ఒక గ్రంథము వ్రాసెను. కళాశాలలలో జంతుశాస్త్రము చదువు విద్యార్థులకు సొర అనిన స్కోలియోడనే.

దాని కడుపు కోసి చూచినచో ఆశ్చర్యము కలుగును. మనుష్యుని ప్రేగు బారలకొలది పొడవు. సొర ప్రేగు కురుచ, లావు, తిన్ననిది. కాని దాని లోపల ఒక పొర చాపచుట్ట వలె చుట్టుకొనియుండును. కొన్ని జాతుల సొరలలో అది చాపచుట్టగా గాక, గాలిగోపురములోని మెలికమెట్ల వలె ఉండును. కురుచ ప్రేగులో పొడవైన ప్రేగు పని జరుగుటకు ప్రకృతి చేసిన ఏర్పాటు ఇది. తిన్నది త్వరగా జారిపోక మడతలవెంట మెల్లగా నడుచును. అద్దెలేని ఇల్లు, అడుగడుగున భోజనము. పురుగుకు ఇంతకంటె కావలసినదేమి? ఆ మడతలలోనే బద్దెపురుగులు తలలు తగిలించుకొని వ్రేలాడుచుండును. కొన్ని గోరంత, కొన్ని బెత్తెడు. కొన్నింటి తలయందు నాలుగు ఆకులవంటి పట్టులుండును. మరికొన్నింటి తలనుండి ముండ్లుగల నాలుగు కొరడాలు బయటికి వచ్చి ప్రేగుగోడలోనికి దిగును.

ఈ పురుగునకు నోరు లేదు, కడుపు లేదు, ప్రేగు లేదు. చర్మము ద్వారానే ఆహారమును పీల్చుకొనును. సొర అరిగించిన దానిలోనే దాని జీవనము. కనుక సొర తిండి దానికి రెండు విధముల ఆధారము: లోనికి తెచ్చిన బండియు అదియే, తరువాత పెట్టు అన్నమును అదియే.

బండి నడచిన దారిని కొంచెము వివరముగా చెప్పవలెను. పండిన పురుగు కణుపులు తెగి, సొర మలముతో సముద్రమున పడును. గ్రుడ్లు నీట కలియును. వానిని, లేక వానినుండి వెలువడిన పిల్లలను, కంటికానని రొయ్యజాతి నీటిపురుగులు మ్రింగును. ఆ నీటిపురుగులను నెత్తళ్ళు మొదలగు చిన్నచేపలు, రొయ్యలు తినును. వానిని గొరకవంటి పెద్దచేపలు తినును. పెద్దచేపను సొర తినును. పెద్దది చిన్నదానిని మ్రింగుటను మన పెద్దలు మాత్స్యన్యాయమనిరి. రాజులేని రాజ్యమును వర్ణించుటకు ఆ మాటను వాడిరి. ఆ న్యాయములో అందరికంటె అల్పమైన ఈ పురుగు, ఒకరి వెనుక ఒకరు మ్రింగుచు పోవుచుండగా, ఏ శ్రమయు లేక అందరికంటె పెద్దదాని కడుపున సింహాసనమెక్కుచున్నది. తిమిని మ్రింగు తిమింగిలమును గూర్చి వ్రాసిన కవులు ఈ చమత్కారమును ఎరిగియున్నచో వదలియుందురా?

దీనికి మంచి సాక్ష్యము సొరపిల్ల. స్కోలియోడన్ గ్రుడ్లు పెట్టదు, పిల్లలను కనును. గర్భమున పిల్లకు తల్లినుండి మావి ద్వారా పోషణ లభించును. ఇట్లు నోట ఏమియు తినక పెరిగి అప్పుడే పుట్టిన సొరపిల్ల ప్రేగులో సాధారణముగా బద్దెపురుగులుండవు. తల్లి ప్రేగు నిండ ఉన్నను పిల్లకు రావు. కోరింగ మడ అడవుల ప్రక్కనున్న కాకినాడ అఖాతమువంటి లోతులేని నీళ్ళలో రొయ్యపిల్లలను, చిన్నచేపలను తినుట నేర్చిన పిమ్మటనే దాని ప్రేగులో లెక్క మొదలగును. వయస్సుతో తిండి మారును. తిండితో పురుగులును మారును.

కావుననే కడుపులోని పురుగులను చూచి ఆ సొర ఏమి తిని బ్రతికినదో చాలవరకు చెప్పవచ్చును. కడుపులోని ఆహారము ఒకటి రెండు దినములలో అరిగిపోవును. అది నాటి చిట్టా. పురుగు నెలల తరబడి నిలుచును. అది సాలుసరి లెక్క. పాలసొర నెత్తళ్ళను, రొయ్యలను, సిరాచిమ్ము మెత్తని జీవులను తినును. దాని పురుగులు వానిలో దాగియుండునట్టివే. సుత్తితల సొరకు టేకుచేపలు ప్రీతి. పులిసొర తాబేళ్ళను, పక్షులను, ఓడలనుండి పారవేసిన చెత్తను కూడ విడువదు. నీటిని వడకట్టి కంటికానని ప్రాణులను తిను మహాకాయములును కలవు. అట్టి ప్రాణికి పురుగులు పట్టవనుకొనుట తప్పు. 1976లో హవాయి ద్వీపములయొద్ద పెద్దనోటి సొర యొకటి మొట్టమొదటిసారి మానవుని కంటబడెను. దాని ప్రేగులో దొరకిన బద్దెపురుగు క్రొత్తజాతియని 1982లో ప్రకటించిరి. బండి ఎంత చిన్నదైనను, సొర దానిని తిన్నచో చాలును.

ఐతే తిన్నదంతయు నిలుచునా అనిన, నిలువదు. తిండి తలుపు తెరచును. లోపల చోటు ఇచ్చునది సొర దేహము. సుత్తితల సొర టేకును మ్రింగినపుడు టేకు ప్రేగులోని పెరిగిన పురుగులు కూడ లోనికి పోవును. సాధారణముగా అవి అక్కడ అరిగిపోవునే గాని కాపురము చేయవు. ఆకుతల పురుగులలో అనేకములు ఒకే జాతి సొరకు కట్టుబడి యుండును. ముండ్లకొరడాల పురుగులకు అంత పట్టింపు లేదు. 2008లో పామ్, కైరా అను ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆ వర్గమునంతటిని పరిశీలించి, పెరిగిన పురుగులకున్న పట్టింపు పిల్లపురుగులకు లేదని చూపిరి. అనగా పిల్లపురుగు ఏ చేపలోనైనను సర్దుకొనును, పెద్దదైన పిమ్మట ఇల్లు ఎంచుకొనును. సొరలలోను టేకులలోను ఉండు బద్దెపురుగులు ఇప్పటికి వేయి జాతులకు పైగా తెలిసినవి. 2008 మొదలు 2017 వరకు పలుదేశములవారు కలిసి ప్రపంచమునందలి బద్దెపురుగుల లెక్క వ్రాసిరి. వాని పట్టికలకు సొరలే పెద్ద గని.

ఈ చోటు ఇచ్చుటలో యూరియాకును పాత్ర కలదు. వరిచేనికి చల్లు యూరియాయే! సొర రక్తమున అది నూటికి రెండు పాళ్ళు ఉండును. ఉప్పుసముద్రమున దేహములోని నీరు బయటికి పోకుండ కాపాడునది అదే. సొర నిలువయున్నచో ముక్కు బద్దలగు ఘాటు వచ్చుటకు కారణమును అదే. 1959లో అమెరికాలో రీడ్ అను శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు సొరజాతి చేపల బద్దెపురుగులను పరీక్షించి, వాని దేహములందును యూరియా ఉన్నట్లు చూపిరి. ఆ యింటికి తగినట్లు అవి తమ్ము మలచుకొన్నవి. మనుష్యుని ప్రేగులో ఆ ఏర్పాటు లేదు.

ఈ తిండిదారి మన ప్రాంతపు చరిత్రలో ఒక విచిత్రమునకు కారణమైనది. 20వ శతాబ్ది ఆరంభమున సింహళము దగ్గర ముత్యపుచిప్పల వేట క్షీణింపగా, హెర్డ్‌మన్ అను ఆచార్యుని ప్రభుత్వము పిలిపించెను. ఆయన సహాయుడు జేమ్స్ హార్నెల్. తరువాత గోదావరి మండలములు కూడ చేరియున్న మద్రాసు రాజధానికి మత్స్యశాఖాధిపతి అయినవాడు. చిప్పలను కోయగా వానిలో బద్దెపురుగు పిల్లలు కనబడెను. ఆ పిల్లచుట్టు చిప్ప పొరలు కట్టగా ముత్యమగుచున్నదని వారు తలచిరి. చిప్పలను నమలి తిను టేకుచేపల కడుపున ఆ పురుగు పెద్దదగుచున్నదనిరి. ముత్యములను తిను టేకును చంపుటయా, ముత్యములను పుట్టించు పురుగునకు తల్లియిల్లగు టేకును కాపాడుటయా? ప్రభుత్వమువారికి ధర్మసంకటమే. ముత్యము పుట్టుకను గూర్చిన సిద్ధాంతమును తరువాతివారు చాలవరకు త్రోసివేసిరి. చిప్పలలో పురుగుపిల్లలున్న మాట, చిప్పలను తిను టేకుచేపలలో బద్దెపురుగులు పెరుగు మాట నిలిచినవి.

ఇప్పుడు బాలింత విస్తరి దగ్గరకు మరలి రావచ్చును. సొర ప్రేగులోని పురుగు సొరను నమ్ముకొన్నది. చేప కోసినవెంటనే ప్రేగులను సమూలముగ తీసివేసినచో అది కండలోనికి ప్రాకి రాదు. గొరకవంటి చేపల కండలో కానవచ్చు తెల్లని పోగులు వేరు. అవి సొరకొరకు ఎదురుచూచుచున్న పిల్లపురుగులు. చూచుటకు రోతయే గాని, ఉడికిన పిమ్మట వానివలన భయము లేదు. పసుపు వేసి ఉడికించి, తోలు వలిచి, చిదిమి, మరల బాణలిలో వేయించు సొరపిట్టులో ఏ పురుగును బ్రతుకదు. పచ్చిచేప తిను జపాను మొదలగు దేశములవారికి చేపలవెంట బద్దెపురుగు వచ్చుట కలదు. పులుసు మరిగించు గోదావరివారికి ఆ చిక్కు లేదు. పాలు పడుట నిజమో కాదో వైద్యులు తేల్చవలసిన మాట. మంచి మాంసకృత్తులు గల ఆహారము మాత్రము పురుగు కనబడినదని పెంటపాలు చేయ నవసరము లేదు.

అయినను సొర చూపిన న్యాయము మన యిండ్లకు వర్తించు చోటు వేరొకటి కలదు. పురుగు తిండిలో పుట్టదు, తిండివెంట ప్రయాణించును. బెల్లములో ఏలికపాము లేదు; బెల్లము పట్టుకొన్న చేతి మట్టిలో దాని గ్రుడ్డున్నది. బయట మలవిసర్జన జరిగిన నేలను పెరిగిన ఆకుకూరను సరిగా కడుగక తిన్నచో అది కూరవెంట వచ్చును. కొంకిపురుగు సాధారణముగా నోటిదారి పట్టదు. తడినేలను నడచు వట్టికాళ్ళ చర్మమును తొలిచి లోనికి పోవును. అన్నిటికంటె ఘోరము పంది బద్దెపురుగు. సగముడికిన పందిమాంసము తిన్నవాని ప్రేగులో అది పెరుగును. వాని మలముతో వెలువడిన గ్రుడ్లు నీటిలోనో, కాయగూరలమీదనో చేరి, పందిమాంసము జన్మలో ముట్టని శాకాహారి నోటబడినచో, పిల్లపురుగులు వాని మెదడునకు ప్రాకి గూడుకట్టును. మూర్ఛలు వచ్చును. గ్రహపీడయని తాయెత్తులు కట్టించుకొను మూర్ఛరోగులలో ఎందరికి ఇదియే కారణమో వైద్యుని యొద్దకు పోయిననే తెలియును. మడి కట్టుకొని వండినను, కూర కడిగిన నీరు మంచిది కానిచో మడి కాపాడదు.

చరకుడు క్రిములకు మూడు చికిత్సలు చెప్పెను: ఉన్నవానిని బయటికి లాగుట, అవి బ్రతుకు పరిస్థితిని చెరచుట, మొదట కారణమైనదానిని విడుచుట. 2015 ఫిబ్రవరినుండి జాతీయ నులిపురుగుల నిర్మూలన దినమున 1 మొదలు 19 ఏండ్ల వరకు గల పిల్లలకు అంగన్‌వాడీలలోను బడులలోను ఇచ్చు ఆల్బెండజోలు మాత్ర మొదటి రెండు పనులు చేయును. మా పిల్లవాడు తీపి తినడు, వానికి మాత్ర ఎందుకని బడినుండి తీసికొనిపోవు తల్లులు అక్కడక్కడ కలరు. ఆ పిల్లవాడు మట్టిలో ఆడునో లేదో అడిగిన చాలును. మూడవ పనికి మాత్ర లేదు. మరుగుదొడ్డి, చెప్పులు, సబ్బు, మంచినీళ్ళు కావలెను.

సొరకు మాత్రము ఈ మూడింటిలో ఏదియు లేదు. ఆకలియైనచో ఎదుటనున్న చేపను తినవలసినదే, చేపలోనిదానిని కడుపున పెట్టుకొనవలసినదే. రేవున సొరను కోయు స్త్రీలు ప్రేగులను తీసి అంచున నీటిలోనికే విసరుదురు. కాకులు ఎత్తుకొనిపోయినవి పోగా, మిగిలినవి అలలో కలియును. పండిన కణుపులు అక్కడనే పగిలి గ్రుడ్లు నీటబడును. వానిని మ్రింగు కంటికానని రొయ్యజాతి జీవులు ఆ నీళ్ళలోనే తిరుగుచుండును.